ఒత్తు లేని సంతకం

కార్డు పెడితే పచ్చదీపం వెలగవలసిన ల్యాబు తలుపు దగ్గర ఎర్రదీపం వెలిగి ఇవాళ్టికి ఐదు రోజులు. "ఈ కార్డు నంబరుతో మా దగ్గర ఇప్పుడు విద్యార్థిని లేదు. ఐదు నెలల కిందటే మానేసినట్టుంది" అని కాలేజీ ఆఫీసు కౌంటరులోని మనిషి కంప్యూటర్ వంక చూస్తూ చెప్పినప్పుడు చీమ నవ్వింది కూడా. చదువు ఆగితే పరాయి దేశంలో నిలబడే హక్కు కూడా ఆగిపోతుందని ఆ తర్వాత తెలిసింది. తెలిశాక నవ్వు రాలేదు. అక్కడా ఇక్కడా తిరిగి, చివరికి తెలుగు మాట్లాడే లాయరమ్మ గదికి చేరింది. లాయరమ్మ కాలేజీ నుంచి తెప్పించిన కవరు చింపి, అందులోంచి ఒక కాగితం లాగి బల్ల మీద ముందుకు తోసింది.

"నా అంతట నేనే చదువు మానేస్తున్నాను అని రాసిచ్చిన కాగితం ఇది. కింద సంతకం ఎవరిదమ్మాయ్?"

చీమ చూసింది. సంతకం తనదే.

తనదే, కానీ తను పెట్టలేదు.

పది నిమిషాల కిందట ఇదే గదిలో నవ్వులు వినబడ్డాయంటే ఇప్పుడు నమ్మబుద్ధి కావడం లేదు. ఆ నవ్వులన్నీ బావవి. కారులో దింపడానికి వచ్చినవాడు, దింపేసి ఊరుకోక, మరదలి పక్క కుర్చీలో కూర్చుని లాయరమ్మనే నవ్వించాడు. కేసు అప్పగిస్తున్నట్టు ఒప్పందం మీద చీమ సంతకం పెడుతుంటే మెడ వంచి చూశాడు.

"అయిపోయింది! మళ్ళీ ఒత్తు మింగేసింది. చూడండి మేడమ్, పేరు చివర ఒత్తు ఉండాలి. మా మరదలికి ఆకలెక్కువ. పాస్‌పోర్టులో మింగింది, కాలేజీలో మింగింది, ఇప్పుడు మీ దగ్గరా మింగింది."

"ఊరుకో బావా! ఒకసారి పాస్‌పోర్టులో పడ్డాక ఇంక అలాగే పెట్టాలి. ఇప్పుడు దిద్దితే దొంగ సంతకం అంటారు."

"అంతే అంతే. తప్పు ఒకసారి ముద్రపడితే అదే ఒప్పు" అని బావ లేచాడు. పాస్‌పోర్టు అన్ని పేజీలూ జిరాక్స్ కావాలని లాయరమ్మ అనడం, తమ మిషను వారం నుంచి పడకేసిందని చెప్పడం, "కింద షాపుంది, నేను తెస్తా, ఎంతలో పని" అని బావ పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుని బయటికి వెళ్ళడం, అన్నీ ఒక నిమిషంలో జరిగిపోయాయి. తలుపు మూసుకున్నాకే లాయరమ్మ కవరు చింపింది.

"అమ్మాయ్, నిన్నే. ఎవరిది?"

"నాదే మేడమ్. కానీ... నేను పెట్టలేదు."

లాయరమ్మ మెడలో తాడుకు వేలాడుతున్న కళ్ళజోడు తీసి పెట్టుకుంది. వెనక నలుపు రంగు ఫైళ్ళు గోడ పొడుగునా నిలబడి ఉన్నాయి. ప్రతి ఫైలూ ఒక మనిషి. ఆ మనుషులందరూ ఇలాగే, "నేను కాదు" అనే మొదలుపెట్టి ఉంటారు.

"చూడు తల్లీ. డాక్టరు దగ్గర, లాయరు దగ్గర సిగ్గుపడితే రోగం ముదురుతుంది. పరీక్షలు పోయాయా? గైడుతో గొడవా? విసుగొచ్చి ఏదో రోజున రాసిచ్చి, ఇప్పుడు మనసు మార్చుకున్నావా?"

"లేదు మేడమ్! ఏడు నెలల్లో నా పని పూర్తవుతుంది. నాలుగేళ్ళ నుంచి ఒకే ఒక్క సూక్ష్మజీవిని పెంచుతున్నాను. శుక్రవారం సాయంత్రం కూడా దానికి మేత పెట్టి వచ్చాను. మానేసేదాన్నయితే ఈ ఐదు నెలలూ రోజూ పొద్దున్నే ఎందుకు వెళ్తాను?"

"ఆ మాట పైకి అనకు" లాయరమ్మ చటుక్కున అంది. "ల్యాబులో నీకు గంటల లెక్కన జీతం ఇస్తున్నారు కదా? ఐదు నెలల కిందటే నీ చదువు ఆగిందని ప్రభుత్వం దగ్గర నమోదై ఉంది. ల్యాబుకి ఆ కబురు ఇప్పుడు చేరినా, ఆ తర్వాత నువ్వు చేసిన ప్రతి గంటా అనుమతి లేని పని."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కాబోలు. పని చెయ్యడం నేరమయ్యే రోజు వస్తుందని చీమ కలలో కూడా అనుకోలేదు. బడికి వెళ్ళే రోజుల్లో గోడవారగా, వరస తప్పకుండా నడిచేదని ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు చీమ. ఇరవై ఆరేళ్ళొచ్చినా ఆ వరస తప్పలేదు.

"అయితే ఇంక దారే లేదా మేడమ్?"

"దారులున్నాయి. నీ కాలికి సరిపోయేదేదో చూడాలి" లాయరమ్మ గోడ మీది క్యాలెండరు వైపు ఎర్రపెన్సిలు చూపించింది. "ఒకటి, ఇక్కడే ఉండి, జారిపోయిన హోదా తిరిగి ఇమ్మని అర్జీ పెట్టడం. దానికి గడువు ఐదు నెలలు. నీకు ఎల్లుండి సాయంత్రం ఐదింటితో సరి. తప్పు నా చేతిలో లేదు, నాకు తెలియదు అని రుజువు చెయ్యాలి. నీ సంతకం ఉన్న కాగితం పెట్టుకుని నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు?"

"ఇంకోటి?"

"దేశం విడిచి వెళ్ళి, కొత్త కాగితాలతో, కొత్త వీసాతో మళ్ళీ రావడం. వీసా ఇస్తారని పూచీ లేదు. ఇచ్చినా ఏడాది పడుతుంది."

"ఏడాదా? నా జీవులు పది రోజులు బతకవు మేడమ్."

"అదీ నిజమే. మూడోది, మరొకరి తోక పట్టుకుని ఉండటం. మీ బావ ఉన్నాడు చూడు, అలాగ. మీ అక్క చదువుతోంది కాబట్టి భర్తగా ఆయన ఇక్కడ ఉన్నాడు, ఆయనకంటూ విడిగా హక్కు లేదు. ఇంజను ఆగిందా, బోగీ కూడా అక్కడే ఆగుతుంది. నీకు పెళ్ళి కాలేదు కదా? ఎల్లుండిలోగా కుదిరే సంబంధం ఏమైనా ఉందా?"

హాస్యమేనని చీమకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.

లాయరమ్మ కాగితాన్ని మళ్ళీ తన వైపు లాక్కుంది. "ఇదిగో, ఇక్కడ ఆఫీసువాళ్ళ ముద్ర కూడా ఉంది. సంతకం సరిచూశాం అని. ఎందుకు చూశారో? మామూలుగా చూడరు... ఓహో. ఇదే పేరుతో, ఇదే పుట్టిన తేదీతో ఇద్దరు ఉన్నారట. అందుకని దాఖలాలో ఉన్న సంతకంతో పోల్చారట. ఒకే పేరు సరే, పుట్టిన తేదీ కూడానా? ఎవరా రెండో మనిషి?"

"మా అక్క."

"కవలలా?"

"కాదు మేడమ్. మా పెదనాన్న కూతురు. ఇద్దరికీ నాయనమ్మ పేరే పెట్టారు. అత్తగారి పేరు పెట్టి పిల్లల్ని తిట్టలేక మా అమ్మా పెద్దమ్మా దాన్ని తూనీగ అనీ నన్ను చీమ అనీ పిలవడం మొదలెట్టారు. తాతయ్య ఇద్దర్నీ ఒకేరోజు బడికి తీసుకెళ్ళాడు. హెడ్‌మాస్టరు పుట్టిన తేదీ అడిగితే తాతయ్యకి ఒక్కటే గుర్తొచ్చింది. ఇద్దరికీ అదే రాయించేశాడు. అక్క నాకంటే ఎనిమిది నెలలు పెద్ద. కాగితాల మీద మాత్రం..."

చెబుతూ చెబుతూ చీమ ఆగిపోయింది. లాయరమ్మ కూడా కదలడం లేదు.

"మీ అక్కదీ ఇదే కాలేజీయా?"

"అవును. వేరే విభాగం. రోజూ పొద్దున్నే బ్యాగు వేసుకుని క్లాసుకి..."

"ఫోన్ చెయ్యి."

* * *

తూనీగ పావుగంటలో వచ్చింది. పేరుకు తగ్గట్టు ఒకచోట నిలవని మనిషి. ఇవాళ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. బల్ల మీది కాగితం ఎలాంటిదో దూరం నుంచే గుర్తుపట్టింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"నీకు తెలుసా అక్కా ఈ కాగితం?"

తూనీగ కుర్చీలో కూలబడింది. "చీమా, నన్ను తిట్టకు. ఇంట్లో ఎవరికీ చెప్పకు. నేను చదువు మానేశాను."

"ఏంటీ?"

"ఐదు నెలలైంది. నా వల్ల కాలేదే. రెండు సబ్జెక్టులు మూడుసార్లు పోయాయి. పెదనాన్నకి, అదే మీ నాన్నకి, మా నాన్నకి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? పొద్దున్నే బ్యాగు వేసుకుని వెళ్ళి లైబ్రరీలో కూర్చుని సాయంత్రం వస్తున్నాను."

బాబాయిని పెదనాన్న అనేసేంతగా తడబడుతోంది అక్క. చీమ ఆ మాట దిద్దలేదు. ఐదు నెలలుగా ఒకే ఇంట్లో, పక్కపక్కన కూర్చుని బట్టలు మడతపెట్టుకుంటూ కబుర్లు చెప్పుకున్నారు. "ఇవాళ క్లాసెలా అయింది?" అని తను అడగడం, "బోరు" అని అక్క అనడం. ప్రతిరోజూ.

కోపం రావలసిన చోట ఇంకేదో వచ్చింది. వెలుతురు లాంటిది. "మేడమ్! అంటే... ఇది అక్క కాగితం! అక్క తన పేరే రాసింది, తన సంతకమే పెట్టింది. ఇద్దరికీ అక్షరాలు దిద్దించింది తాతయ్యే, అందుకే ఒకేలా ఉంటాయి. ఆఫీసువాళ్ళు పొరపాటున నా దాఖలా మూసేశారు!"

"అదే అయితే నీకు నాలుగో దారి దొరికినట్టే" లాయరమ్మ గొంతులో మొదటిసారి ఉత్సాహం వినబడింది. "అన్నిటికంటే తేలికైనది. తప్పు ఆఫీసుది అయితే అర్జీ లేదు, గడువు లేదు, వీసా లేదు. కాలేజీవాళ్ళే ప్రభుత్వానికి రాసి దిద్దించాలి. నువ్వు చేసిన పనికి కూడా దోషం అంటదు. కానీ..." తూనీగ వైపు తిరిగింది. "ఆ కాగితం నాది అని నువ్వు రాసివ్వాలమ్మా. రాసిస్తే ఆమె నిలబడుతుంది. నువ్వు పడిపోతావు. నీతోపాటు మీ ఆయన కూడా. ఆలోచించుకో."

"ఆలోచించడానికేముంది?" తూనీగ కళ్ళు తుడుచుకుంది. "మేం ఎలాగూ వచ్చే నెల వెళ్ళిపోతున్నాం. మానేశాక ఆరు నెలలు ఉండొచ్చన్నారట కదా. ఇటు ఇవ్వండి, రాసిస్తాను. చెల్లెలి నోటి దగ్గర కూడు లాక్కునేదాన్నా నేను?"

లాయరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో అడగబోయి, ముందు కాగితం ఇచ్చింది. తూనీగ గబగబా నాలుగు వాక్యాలు రాసింది. ఫలానా తేదీన మానేస్తున్నానని రాసిచ్చింది నేను, నా చెల్లెలికి సంబంధం లేదు. కింద సంతకం పెట్టింది. నాయనమ్మ పేరు, గుండ్రంగా, పొందికగా, చివరి అక్షరం కింద తూనీగ తోకలాగా ఒంపు తిరిగిన ఒత్తు.

చీమ లేచి వెనకనుంచి అక్క మెడ కౌగిలించుకుంది. ఆ భుజం మీదుగా బల్ల కనబడుతోంది. రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. లాయరమ్మ ఎర్రపెన్సిలు ఒక కాగితం మీంచి రెండోదాని మీదికి వెళ్ళింది. మళ్ళీ మొదటిదాని మీదికి వచ్చింది. ఆగింది.

"తూనీగా" అంది, చాలా నెమ్మదిగా. "నువ్వు ఎప్పుడూ ఇలాగే సంతకం పెడతావా? ఒత్తుతో?"

"ఒత్తు లేకపోతే అది నాయనమ్మ పేరెలా అవుతుందండీ? ఒత్తు మింగేది ఇదిగో, ఇదొక్కతే."

లాయరమ్మ పాత కాగితాన్ని ఇద్దరి ముందుకూ జరిపింది.

"అయితే ఇందులో ఒత్తు ఏదమ్మా?"

అక్క మెడ చుట్టూ ఉన్న చీమ చేతులు వాటంతటవే విడిపోయాయి.

ఒత్తు లేదు. ఇందాక తను ఆ సంతకాన్ని చూసి తనదే అనుకున్నది అందుకే. చివరి అక్షరం కింద ఖాళీ. పాస్‌పోర్టులో ఉన్నట్టే, కాలేజీ దాఖలాలో ఉన్నట్టే.

"ఈ దేశపు కాలేజీ గుమాస్తాకి తెలుగు రాదు" లాయరమ్మ అంది. "అతనికి ఇది అక్షరం కాదు, బొమ్మ. దాఖలాల్లో రెండు బొమ్మలున్నాయి, ఒకటి తోకతో, ఒకటి తోక లేకుండా. చేతిలో ఉన్నది తోకలేని బొమ్మ. బొమ్మని బొమ్మతో కలిపాడు, నీ దాఖలా మూశాడు. అతని తప్పేమీ లేదు. ఎవరో ఒత్తు తియ్యాలని తీశారు. నీ పేరు చదవడం వచ్చినవాళ్ళు, నువ్వు మింగుతావని తెలిసినవాళ్ళు."

చీమ అక్క వైపు చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది.

"అలా చూడకే!" తూనీగ గొంతు కీచుగా వచ్చింది. "నాయనమ్మ మీద ఒట్టు. ఇది నా రాత కాదు. నేను రాసిచ్చింది నల్ల ఇంకుతో. ఇది నీలం. నా కాగితం మీద ఒత్తుంది. కావాలంటే ఆఫీసులో అడగండి, నా కాగితం అక్కడే ఉంటుంది."

"ఆఫీసులో నీ కాగితం లేదు" లాయరమ్మ కవరులోంచి మరో పేజీ తీసింది. "ఈ పేరుతో వాళ్ళకి అందింది ఇదొక్కటే. నువ్వు ఇవాళ్టికీ వాళ్ళ లెక్కలో చదువుతున్న విద్యార్థినివే. నీ కాగితం కౌంటరులో నీ చేత్తో ఇచ్చావా?"

"లేదు. ఆ రోజు నాకు జ్వరం. సంతకం పెట్టి ఇంట్లో..."



"ఇంట్లో ఎవరికిచ్చావు?"

తూనీగ నీలం ఇంకు కాగితాన్ని దగ్గరికి లాక్కుంది.

"ఇందాక ఆరు నెలలు ఉండొచ్చన్నారట అన్నావు" లాయరమ్మ వదల్లేదు. "మానేసినవాళ్ళకి ఇచ్చేది పదిహేను రోజులు. ఆరు నెలలని నీకెవరు చెప్పారు?"

"ఆయన" అంది తూనీగ. ఒక్క మాట. భర్తను పేరు పెట్టి పిలవని ఆడవాళ్ళ నోట ఆ మాట ఎన్ని లక్షలసార్లు పలికి ఉంటుందో. ఇంత భయంగా మాత్రం పలికి ఉండదు. "కౌంటరులో ఇచ్చేశాను, ఆరు నెలల గడువిచ్చారు, నువ్వు నిశ్చింతగా పడుకో అన్నారు. నాకు... నాకు తల నిమిరారు చీమా."

ఇంజను ఆగితే బోగీ ఆగుతుంది. ఇంజను ఆగకుండా చూడాలంటే? పక్క పట్టాల మీద ఇంకో ఇంజను ఉంది. అదే పేరు, అదే తేదీ. దాన్ని ఆపేస్తే సరి.

నీలం ఇంకు కాగితం మీద ఇకపై ఉత్తరాలు పంపవలసిన ఈమెయిల్ అని ఒక గడి ఉంది. అందులోని అడ్రసు అక్కది కాదు, తనది కాదు. ఐదు నెలలుగా కాలేజీ పంపిన హెచ్చరికలన్నీ అక్కడికి వెళ్ళి ఉంటాయి. బావ వాటిని చదివి, ఫోన్ జేబులో పెట్టుకుని, బయటికొచ్చి, "ఏం మరదలా, ఇవాళ ఎన్ని ఒత్తులు మింగావు?" అని అడిగి ఉంటాడు. ల్యాబు తలుపు తెరుచుకోని రోజున, "మిషను పాడై ఉంటుంది, కంగారు పడకు" అన్నదీ బావే. లాయరు దగ్గరికి కారులో తీసుకొస్తానన్నదీ బావే.

ఇందాక ఈ కుర్చీలో కూర్చుని నవ్వించినదీ...

"మేడమ్" అంది చీమ. "నా పాస్‌పోర్టు."

లాయరమ్మ అప్పటికే లేచింది. తలుపు తీసి, బయట కూర్చునే గుమాస్తాని అడిగింది. కింద జిరాక్స్ షాపుకు వెళ్ళినాయన తిరిగి వచ్చాడా? రాలేదు. గుమాస్తా షాపుకు ఫోన్ చేసింది. పొద్దున్నుంచి పాస్‌పోర్టు జిరాక్స్‌కి ఎవరూ రాలేదన్నారు. కిటికీలోంచి చూస్తే కారు నిలిపిన చోట ఖాళీ నేల కనిపించింది.

"అసలు పాస్‌పోర్టు లేకపోతే ఏ దారీ లేదు" లాయరమ్మ తనలో తాను అనుకున్నట్టుగా అంది. "అర్జీ వెయ్యలేం. ఆ సంతకంతో పోల్చి చూపించలేం. ఎల్లుండి ఐదింటికి..."

చీమ ఫోన్ తీసింది. బావ నంబరు నొక్కింది. ఒక్క రింగుకే అవతల ఎత్తారు. లాయరమ్మ సైగ చేస్తే స్పీకరు పెట్టింది.

"మరదలా!" అదే గొంతు, అదే చనువు. వెనక ఎక్కడో బస్సు ఆగి కదిలిన చప్పుడు. "మీ అక్క ఆ బిల్డింగులోకి వెళ్ళడం చూశాను. అప్పుడే అనుకున్నా, ఇంక నేను పైకి రావడం మంచిది కాదని. ఏం, కాగితం రాసిచ్చిందా?"

లాయరమ్మ ఫోనుకు దగ్గరగా వంగింది.

"సంతకం పెట్టిందా?" చిన్న నవ్వు. "ఒత్తుతోనా?"

తూనీగ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"బావా, నా పాస్‌పోర్టు ఇచ్చెయ్."

"ఇస్తాను. నేనేమన్నా దొంగనా? నీది నీకిస్తాను, నాది నాకివ్వు. మీ అక్క రాసిన కాగితం ఈ చేత్తో, నీ పుస్తకం ఆ చేత్తో. లేదూ, ఎల్లుండి సాయంత్రం ఐదు దాటాక పోస్టులో పంపించమంటే అలాగే పంపిస్తాను. కోపం వద్దు మరదలా. నువ్వు పెళ్ళి కాని పిల్లవి, ఎక్కడైనా బతుకుతావు. నేను మాత్రం మన దేశానికి తిరిగి వెళ్ళలేను. ఎందుకో మీ అక్కకి కూడా తెలియదు."

ఫోన్ ఆగిపోయింది.

వెళ్ళలేడా? ఎందుకు? చీమ బల్ల వైపు తిరిగింది. ఆ కాగితం కోసం, అక్క రాసిన ఆ నాలుగు వాక్యాల కోసం చెయ్యి చాపింది.

నీలం ఇంకు కాగితం ఉంది. కవరు ఉంది. ఎర్రపెన్సిలు ఉంది.

నాలుగు వాక్యాల కాగితం బల్ల మీద లేదు. అది తూనీగ గుప్పిట్లో ఉంది. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది, మొగుడి కోసమో, చెల్లెలి పాస్‌పోర్టు కోసమో చీమకు తెలియలేదు.